స్కైరిమ్ అయ్యాక ఎటు? ఎల్డర్ స్క్రోల్స్ పాత గేముల్లో మీకు సరిపోయేది ఎంచుకోవడం ఎలా

ఎల్డర్ స్క్రోల్స్ సిరీస్‌లోని స్కైరిమ్ గేమ్‌లో విండ్‌హెల్మ్ నగరం చూసినవాళ్లకి గ్రే క్వార్టర్ గుర్తుండే ఉంటుంది. మంచు పట్టిన ఇరుకు సందులు, పాత గోడలు, వాటి మధ్య ఎవరికీ అక్కర్లేనట్టు బతుకుతున్న డార్క్ ఎల్ఫ్‌లు. రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం పేలి వాళ్ల నేల నాశనమైపోతే అక్కడికి వచ్చి పడ్డారు. ఆ కొండ పేలక ముందు వాళ్ల ఊళ్లు ఎలా ఉండేవో, వాళ్లు దేన్ని కొలిచేవాళ్లో, బయటివాళ్లని ఎంత చులకనగా చూసేవాళ్లో 2002లో వచ్చిన మోరోవిండ్‌లో స్వయంగా తిరిగి చూడొచ్చు. పాత గేములు ఆడమని నేను చెప్పడానికి అసలు కారణం ఇదే. స్కైరిమ్‌లో శిథిలంగానో పుస్తకంలో ఒక వాక్యంగానో మిగిలిపోయినవి అక్కడ ఇంకా బతికే ఉంటాయి.

అయితే "అన్నీ మొదటి నుంచి వరసగా ఆడేస్తాను" అని కూర్చున్నవాళ్లలో చాలామంది మొదటి గేమ్ సగంలోనే ఆగిపోతారు. ఏది ఆడాలి, ఏది వదిలేయాలి అనేది ముందే తేల్చుకుంటే ఆ అలసట ఉండదు. నేను పాటించే పద్ధతి చెబుతాను.

1. ముందు లిస్టు తగ్గించండి

సిరీస్‌లో ప్రధానమైన గేములు ఐదే: అరీనా (1994), డాగర్‌ఫాల్ (1996), మోరోవిండ్ (2002), ఆబ్లివియన్ (2006), స్కైరిమ్ (2011). మిగతావన్నీ ప్రస్తుతానికి పక్కన పెట్టేయండి. 1997 నాటి బ్యాటిల్‌స్పైర్ మొత్తం డంజన్‌లోనే (శత్రువులుండే చిక్కుదారుల చోటు) నడుస్తుంది, తిరగడానికి లోకం అంటూ ఉండదు. 1998 నాటి రెడ్‌గార్డ్‌లో మీ పాత్రని మీరు తయారు చేసుకోలేరు, సైరస్ అనే హీరోగానే ఆడాలి. ఆ సిరీస్ చరిత్ర మీద బాగా ఇష్టం పెరిగాక రెడ్‌గార్డ్ దగ్గరికి రావచ్చు, ముందే అక్కర్లేదు. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ సంగతి వేరు. అది చాలామంది కలిసి ఆడే గేమ్, కథ కూడా స్కైరిమ్‌కి దాదాపు వెయ్యేళ్ల ముందు జరుగుతుంది. అందులో మోరోవిండ్ జరిగే దీవి కనిపిస్తుంది కదా అని మోరోవిండ్ ఆడేసినట్టు అనుకోవద్దు.

ఇక అరీనా. దీన్ని గౌరవంతోనే పక్కన పెట్టమంటున్నాను. గ్లాడియేటర్ల పోటీల గేమ్‌గా మొదలుపెట్టి, తయారీ మధ్యలో రోల్‌ప్లేయింగ్ గేమ్‌గా మార్చేశారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. టామ్రియెల్ ఖండం మొత్తం ఇందులో ఉంది కానీ ఊళ్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఈ గేమ్ ఉచితం కాబట్టి ఏదో ఒక సాయంత్రం మొదటి డంజన్ వరకు ఆడి చూడండి, సిరీస్ ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. పూర్తి చేయాలనే పట్టుదల అవసరం లేదు.

అంటే తేల్చుకోవాల్సింది మూడింటి మధ్యే: ఆబ్లివియన్, మోరోవిండ్, డాగర్‌ఫాల్.

2. స్కైరిమ్‌లో మీకు నిజంగా నచ్చిందేమిటో కాగితం మీద రాయండి

గేమ్ మీద పొగడ్త రాయమని కాదు, మీరు అందులో గంటలకి గంటలు ఏం చేస్తూ గడిపారో రాయండి. ప్రధాన కథ పూర్తి చేయకుండానే 100 గంటలు ఆడిన మనిషికీ, డ్రాగన్లని చంపడానికే ఆడిన మనిషికీ ఒకే సలహా పనికిరాదు.

డార్క్ బ్రదర్‌హుడ్ (హంతకులు), థీవ్స్ గిల్డ్ (దొంగలు) లాంటి గుంపుల్లో చేరి వాళ్ల పనులు చేయడం నచ్చిందా? అయితే ఆబ్లివియన్. దారిలో దొరికిన ప్రతి పుస్తకం తెరిచి చదివారా, డ్వెమర్ శిథిలాల్లో ఆ జాతి ఎలా మాయమైందా అని ఆలోచించారా? అయితే మోరోవిండ్. కథ సంగతి అలా ఉంచి, మీకంటూ ఒక మనిషిని సృష్టించుకుని ఆ లోకంలో బతకడమే మీకు ఆనందమా? ఇల్లు కొనుక్కోవడం, తోడేలు మనిషిగా మారడం, దొంగతనం చేసి పట్టుబడటం లాంటివి? అయితే డాగర్‌ఫాల్.

కేవలం కత్తియుద్ధం కోసమే ఆడేవాళ్లయితే మాత్రం నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఈ సిరీస్‌లో వెనక్కి వెళ్లేకొద్దీ యుద్ధం మెరుగవదు. అలాంటివాళ్లు కొత్త బొమ్మలతో రీమాస్టర్ చేసిన ఆబ్లివియన్ దగ్గర ఆగిపోవచ్చు, అందులో తప్పేమీ లేదు.

3. దేన్ని ఓర్చుకోగలరో చూసుకోండి

పాత గేమ్ అనగానే అందరూ గ్రాఫిక్స్ గురించే టెన్షన్ పడతారు. నా అనుభవంలో గ్రాఫిక్స్‌కి రెండు మూడు గంటల్లో కళ్లు అలవాటు పడిపోతాయి. మనల్ని నిజంగా వెనక్కి పంపేవి వేరే ఉంటాయి.

ఆబ్లివియన్‌లో అది లెవెలింగ్. మీ లెవెల్ పెరిగితే శత్రువుల లెవెల్ కూడా పెరుగుతుంది. దారి పక్కన బాటసారుల్ని దోచుకునే మామూలు దొంగ కూడా కొన్నాళ్లకి ఖరీదైన గ్లాస్ కవచంలో ఎదురొస్తాడు. బలం పెరిగిందన్న తృప్తి అక్కడ కాస్త తగ్గుతుంది.

మోరోవిండ్‌లో అది రెండు రకాలు. ఒకటి, మ్యాప్ మీద బాణం గుర్తు ఉండదు. "ఈ దారిన ఉత్తరానికి వెళ్లు, వంతెన దాటాక తూర్పుకి తిరుగు" అని ఎవరో చెబుతారు, అది జర్నల్‌లో ఉంటుంది, ఆ తర్వాత మీరే వెతుక్కోవాలి. రెండు, కత్తి శత్రువుకి తగిలినట్టు కళ్లకి కనిపిస్తుంది కానీ తగలదు. దీని గురించి కింద వివరంగా రాస్తాను.

డాగర్‌ఫాల్‌లో అది డంజన్లు. ఒక్కొక్కటి పెద్ద చిక్కుముడి. లోపలికి వెళ్లిన దారిన బయటికి రావడమే ఒక పని.

ఈ మూడింటిలో మీకు ఏది అన్నిటికంటే చిరాకు తెప్పిస్తుందో ఆ గేమ్‌ని ఇప్పటికి కొట్టేయండి. రెండో మెట్టులో వచ్చిన జవాబు, ఈ మెట్టులో కొట్టేసినది ఒకటే అయితే మాత్రం తొందరపడొద్దు. ఆ గేమ్ భాగం కింద చదివి, ఆ ఇబ్బందిని తగ్గించే మార్గం మీకు సరిపోతుందేమో చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

4. కథ వరస గురించి బెంగ వద్దు, ఒక్కటి తప్ప

ప్రతి గేమ్‌లోనూ హీరో వేరు, ప్రాంతం వేరు. ఆబ్లివియన్‌కీ స్కైరిమ్‌కీ మధ్య 200 ఏళ్ల తేడా ఉంది. కాబట్టి ఎక్కడి నుంచైనా మొదలుపెట్టవచ్చు.

కానీ పాత నాలుగు గేములనీ కలిపే మనిషి ఒకడున్నాడు, ఏడో యూరియల్ సెప్టిమ్ చక్రవర్తి. అరీనాలో ఆయన్ని బంధించి మాంత్రికుడొకడు ఆయన రూపంలో రాజ్యం చేస్తాడు. డాగర్‌ఫాల్‌లో మిమ్మల్ని పనిమీద పంపేది ఆయనే. మోరోవిండ్ మొదట్లో మిమ్మల్ని జైలు నుంచి విడిపించేది ఆయన ఆజ్ఞే. ఆబ్లివియన్ ఆరంభంలో మీ కళ్ల ముందే ఆయన హత్యకు గురవుతాడు. మోరోవిండ్, ఆబ్లివియన్ రెండూ ఆడాలని ముందే అనుకుంటే మోరోవిండ్ మొదట ఆడండి. తన ఆజ్ఞతో మీకు స్వేచ్ఛ ఇచ్చిన మనిషి చావుని ఆ తర్వాత చూడటం వేరుగా ఉంటుంది. ఒక్కటే ఆడతానంటే ఈ వరస పట్టించుకోనక్కర్లేదు.

5. ఎంచుకున్నది ఆబ్లివియన్ అయితే

ముందు ఏ వెర్షనో తేల్చుకోండి. 2025 ఏప్రిల్ 22న రీమాస్టర్ వచ్చింది. బొమ్మ మొత్తం అన్‌రియల్ ఇంజన్ 5 మీద కొత్తగా ఉంటుంది, లోపల నడిచేది పాత గేమే. పరుగెత్తే సదుపాయం చేర్చారు, లెవెలింగ్ సులువు చేశారు. షివరింగ్ ఐల్స్, నైట్స్ ఆఫ్ ది నైన్ అనే ఎక్స్‌పాన్షన్‌లు (అదనపు కథలు) రెండూ అందులోనే ఉన్నాయి. మీ కంప్యూటర్ కొత్తదైతే, లేదా ఈ తరం కన్సోల్ ఉంటే అదే తీసుకోండి. కంప్యూటర్ పాతదైతే 2006 వెర్షన్ హాయిగా నడుస్తుంది, మోడ్‌లు (అభిమానులు చేసే మార్పులు) కూడా దానికే విస్తారంగా ఉన్నాయి. అయితే దానికి అభిమానులు చేసిన అనఫీషియల్ ప్యాచ్ (తప్పులు సరిదిద్దేది) తప్పక వేసుకోండి.

పాత వెర్షన్‌లో క్లాస్ తయారు చేసుకునేటప్పుడు అథ్లెటిక్స్, అక్రోబాటిక్స్ అనే రెండింటినీ మేజర్ స్కిల్స్‌లో (మీ పాత్ర ముఖ్య నైపుణ్యాలు) పెట్టొద్దు. నడిచినా గెంతినా అవి వాటంతట అవే పెరిగిపోతాయి. మీ లెవెల్ పెరుగుతుంది, దాంతో శత్రువులూ పెరుగుతారు, మీ కత్తి బలం మాత్రం అక్కడే ఉంటుంది. క్వాచ్ అనే ఊరిని కాపాడే పని లెవెల్ తక్కువగా ఉన్నప్పుడే పూర్తి చేసేయండి, ఆలస్యమైతే చాలా కష్టమవుతుంది.

మొదటి గంట జైలు, మురుగు సొరంగాల్లో గడుస్తుంది. దాన్ని బట్టి గేమ్ మీద అభిప్రాయానికి రావద్దు. బయటికి వచ్చాక ప్రధాన కథని కాస్త ఆపి గిల్డ్‌ల వైపు వెళ్లండి, ఆబ్లివియన్ ప్రాణం అక్కడుంది. చేడిన్‌హాల్ ఊళ్లో కనిపించకుండా పోయిన చిత్రకారుణ్ణి వెతుకుతూ ఆయన గీసిన బొమ్మ లోపలికే వెళ్లే క్వెస్ట్ (గేమ్ ఇచ్చే పని) ఒకటుంది. డార్క్ బ్రదర్‌హుడ్‌లో ఒక బంగళాలో ఐదుగురు అతిథులతో పాటు మిమ్మల్నీ ఉంచుతారు. హంతకుడు మీరేనని వాళ్లకి తెలియదు. అతిథుల్లో ఒకరి మీద ఒకరికి అనుమానం పెరుగుతుంటే వినడం నేను మర్చిపోలేదు. స్కైరిమ్‌లోని డార్క్ బ్రదర్‌హుడ్ నచ్చినవాళ్లకి ఈ ఒక్క క్వెస్ట్ కోసమైనా ఆబ్లివియన్ ఆడమని చెబుతాను.

6. ఎంచుకున్నది మోరోవిండ్ అయితే

నేను మనసారా సిఫార్సు చేసేది ఇదే. ఎక్కువమంది మొదటి గంటలోనే వదిలేసేదీ ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

నేను మొదటిసారి ఆడినప్పుడు, గేమ్ మొదలయ్యే సెయ్డా నీన్ ఊరి బయట ఒక పీతని కొట్టలేక మూసేశాను. కత్తి దాని ఒంట్లోంచి దూరిపోతున్నట్టే కనిపించింది, దెబ్బ మాత్రం తగల్లేదు. గేమ్ పాడైపోయిందేమో అనుకున్నాను. చాలా నెలల తర్వాత, లోపల లెక్క ఎలా జరుగుతుందో తెలుసుకున్నాక మళ్లీ మొదలుపెట్టాను.

ఆ లెక్క ఇదీ. మీరు కొట్టిన ప్రతిసారీ గేమ్ లోపల పాచిక వేస్తుంది. దెబ్బ తగిలేదీ లేనిదీ ప్రధానంగా మీ ఆయుధం స్కిల్ మీద, మీ ఫటీగ్ మీద ఆధారపడుతుంది. ఫటీగ్ అంటే ఆ ఆకుపచ్చ గీత. మేజర్ స్కిల్‌గా పెట్టుకున్నది 30 దగ్గర మొదలవుతుంది, మైనర్ అయితే 15, పట్టించుకోనిది 5. జాతిని బట్టి కొంత కలుస్తుంది. 5 స్కిల్ ఉన్న ఆయుధం పట్టుకుని, పరుగెత్తి పరుగెత్తి ఫటీగ్ ఖాళీ చేసుకుని కొడితే దెబ్బ తగలడం అరుదే. నేను చేసింది సరిగ్గా అదే.

కాబట్టి ఇలా చేయండి. క్లాస్ ఎంచుకునేటప్పుడు ఒక్క ఆయుధాన్ని మేజర్ స్కిల్‌గా పెట్టుకోండి. ఆ ఆయుధంలో బలమైన జాతిని తీసుకోండి. ఊళ్లో అరిల్ దుకాణంలో ఆ రకం ఆయుధమే కొనుక్కోండి. శత్రువు కనిపించగానే పరుగు ఆపి నడవండి, ఆకుపచ్చ గీత నిండాక కొట్టండి. ఇంతే. మొదటి ఐదారు లెవెల్స్ దాటాక ఈ ఇబ్బంది దాదాపు మర్చిపోతారు.

సెయ్డా నీన్ నుంచి ఉత్తరంగా నడిచి వెళ్తుంటే ఆకాశం నుంచి ఒక మనిషి అరుస్తూ మీ ముందు పడి చనిపోతాడు. అతని దగ్గర మూడు స్క్రోల్స్ ఉంటాయి. గేమ్ సేవ్ చేసుకుని ఒకటి చదివి గెంతండి. దీవి సగం మీ కాళ్ల కింద నుంచి వెళ్లిపోతుంది. కింద పడేముందు రెండోది చదవడం మాత్రం మర్చిపోవద్దు. ఎగిరే మంత్రాలు, మీ మంత్రాలు మీరే తయారు చేసుకునే వీలు, కథకి ముఖ్యమైన మనిషిని సైతం చంపనిచ్చే స్వేచ్ఛ... ఈ గేమ్ మిమ్మల్ని ఆపడానికి ప్రయత్నించదు. ముఖ్యమైన మనిషిని చంపితే కథ తెగిపోయిందని ఒక మాట చెప్పి ఊరుకుంటుంది, అంతే.

దారులు వెతుక్కోవడం కష్టమనిపిస్తే మొదటి ప్రయాణం నడవకుండా సిల్ట్ స్ట్రైడర్ ఎక్కి బాల్మోరా వెళ్లండి. అది పెద్ద పురుగు లాంటి జంతువు, అక్కడి బస్సు అనుకోండి. బాల్మోరాలో మీరు మొదట కలవాల్సిన కైయస్ కొసాడెస్ అనే మనిషిని కలిశాక త్వరలోనే ఆర్క్‌ంగ్‌థాండ్ శిథిలాల నుంచి డ్వెమర్ పజిల్ బాక్స్ తెమ్మని ఒక పని వస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే. తలుపు దానంతట అది తెరుచుకోదు, దగ్గర్లో ఉన్న పైపు పిడి తిప్పాలి. బాక్స్ పెద్ద పెట్టె కాదు, అరలో పెట్టిన చిన్న ఘనం, సులువుగా కంటికి ఆనదు. ఈ ఒక్క పని దాటితే గేమ్ తీరు మీకు అర్థమైనట్టే.

సేవ్ సంగతి కూడా గుర్తుంచుకోండి. స్కైరిమ్‌లోలా తలుపు దాటిన ప్రతిసారీ ఇది సేవ్ చేయదు. ఊరు దాటేముందు, గుహలోకి దిగేముందు మీరే సేవ్ చేసుకోవాలి, అదీ వేర్వేరు పేర్లతో.

కొనేటప్పుడు ట్రైబ్యునల్, బ్లడ్‌మూన్ రెండు ఎక్స్‌పాన్షన్‌లూ ఉన్న గేమ్ ఆఫ్ ది ఇయర్ ఎడిషన్ తీసుకోండి. కంప్యూటర్లో అయితే ఓపెన్ఎండబ్ల్యూ అనే ఉచిత ఇంజన్ వేసుకుని, మీరు కొన్న గేమ్ ఫైళ్లని దానికి చూపించండి. కొత్త స్క్రీన్ల మీద చక్కగా నడుస్తుంది, లైనక్స్, మాక్ మీద కూడా పనిచేస్తుంది. ట్రైబ్యునల్ ఉంటే మీరు మొదటి రాత్రి నిద్రపోయినప్పుడే హంతకులు వచ్చి మీద పడే అవకాశం ఉంది. దాన్ని తర్వాతి లెవెల్స్‌కి వాయిదా వేసే చిన్న మోడ్ దొరుకుతుంది, అది వేసుకోండి. మొదటిసారికి ఇంతకు మించి మోడ్‌లు వద్దు. వంద మోడ్‌లు కూర్చడంలో వారం గడిపి గేమ్ మొదలుపెట్టనివాళ్లని చూశాను. అలాగే స్కైరిమ్ ఇంజన్‌లో మోరోవిండ్‌ని మళ్లీ కట్టే స్కైవిండ్ ప్రాజెక్టు పూర్తయ్యాక ఆడదామని ఆగొద్దు. అభిమానులు ప్రేమతో చేస్తున్న పని అది, వచ్చినప్పుడు సంతోషంగా రెండోసారి ఆడుకోవచ్చు.

చదవాల్సింది బోలెడు ఉంటుందని ముందే చెబుతున్నాను. పాత్రలు నోటితో మాట్లాడేది తక్కువ, మిగతాదంతా రాత. రోజంతా పని చేసి అలసిపోయాక ఆడే గేమ్ కాదిది. సెలవు రోజు పొద్దున్నే మొదలుపెట్టండి.

7. ఎంచుకున్నది డాగర్‌ఫాల్ అయితే

1996 నాటి అసలు గేమ్‌ని నేరుగా ఆడొద్దు. అప్పట్లోనే బగ్‌లకి పేరు మోసింది. అభిమానులు కొత్త ఇంజన్ మీద తిరిగి కట్టిన డాగర్‌ఫాల్ యూనిటీ వేసుకోండి. అసలు గేమ్ ఫైళ్లు ఉచితం, యూనిటీ కూడా ఉచితం. కాబట్టి ఖర్చు లేకుండా పరీక్షించి చూడగల గేమ్ ఇది.

లోకం విస్తారం మాటల్లో చెప్పలేం. ఊళ్లు, డంజన్లు కలిపి 15,000కి పైగానే ఉన్నాయి. అయితే చాలావరకు కంప్యూటర్ అల్లినవే కాబట్టి ఊరికీ ఊరికీ మధ్య నడవాలని చూడొద్దు, మ్యాప్‌లో ఫాస్ట్ ట్రావెల్ వాడండి. బ్యాంకులో అప్పు తీసుకోవడం, ఓడ కొనడం, కోర్టులో వాదించుకోవడం, వ్యాంపైర్‌గా మారడం లాంటివి తర్వాతి గేముల్లో చాలావరకు ఇంత స్థాయిలో కనిపించవు.

డంజన్ల భయం ఉంటే రెండు పనులు చేయండి. యూనిటీ సెట్టింగ్స్‌లో డంజన్లని చిన్నవి చేసే ఆప్షన్ పెట్టుకోండి. మేజెస్ గిల్డ్‌లో చేరి రీకాల్ మంత్రం కొనండి. డంజన్ గుమ్మం దగ్గర దాంతో గుర్తు పెట్టి లోపలికి వెళ్తే పని అయ్యాక ఒక్క క్షణంలో బయటపడొచ్చు. క్వెస్ట్‌లకి గడువు ఉంటుందని, మొదట్లో వచ్చే ఉత్తరాన్ని పట్టించుకోకపోతే ప్రధాన కథ చేజారిపోవచ్చని గుర్తుంచుకోండి.

8. మూడు గంటల పరీక్ష

కొనేశాం కదా అని లాగొద్దు, మొదటి అరగంటకే వదిలేయొద్దు. ప్రతి గేమ్‌కీ ఒక గమ్యం పెట్టుకోండి. ఆబ్లివియన్‌లో ఏదో ఒక గిల్డ్ మొదటి పని పూర్తయ్యే వరకు. మోరోవిండ్‌లో పజిల్ బాక్స్ తెచ్చిచ్చే వరకు. డాగర్‌ఫాల్‌లో మొదటి డంజన్ నుంచి బయటపడి, ఒక ఊళ్లో చిన్న పని చేసి డబ్బు తీసుకునే వరకు. అక్కడ ఆపి ఒక రోజు ఆడకుండా ఉండండి. మర్నాడు ఆ లోకంలో ఏం జరుగుతుందో చూడాలని మనసు లాగితే కొనసాగించండి. లాగకపోతే రెండో మెట్టులో రాసుకున్న కాగితం మళ్లీ తీసి తర్వాతి గేమ్‌కి వెళ్లండి.

మోరోవిండ్ నిలబడితే ఒక్క పని మాత్రం నా కోసం చేయండి. బ్లడ్‌మూన్‌లో సోల్స్‌తీమ్ దీవికి వెళ్లి రేవెన్ రాక్ అనే గని ఊరిని దగ్గరుండి కట్టించండి. ఖాళీ నేల మీద మొదటి గుడిసెలు లేవడం, ఎవరిని పిలిపించాలో మీరు తేల్చడం, అన్నీ ఓపికగా చూడండి. అది పూర్తయ్యాక స్కైరిమ్ తిరిగి తెరిచి, డ్రాగన్‌బోర్న్ ఎక్స్‌పాన్షన్‌లో అదే దీవికి ఓడ ఎక్కండి. 200 ఏళ్ల తర్వాత బూడిద కప్పేసిన ఆ రేవు మీద దిగి, అక్కడి మనుషులతో మాట్లాడండి.